తేనెటీగ కుట్టిన గడియ: రాష్ట్రేతరాంధ్రుల గృహవైద్యము - చారిత్రక పరిశీలన

ఆంధ్రులు మాతృదేశమును వీడి అన్యప్రాంతములందు స్థిరపడిన చరిత్రను వ్రాయుచు పండితులు సాధారణముగ శాసనములను, దండయాత్రలను, దానపత్రములను, దేవాలయ నిర్మాణములను ప్రమాణములుగ గైకొందురు. 1529 ప్రాంతమున మధురలో విశ్వనాథనాయకుని పాలన ఆరంభమైన పిమ్మట దక్షిణమునకు తరలిన కుటుంబములు, బళ్లారి కోలారు సీమలలో తరతరములుగ నున్న తెలుగువారు, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు అందు చేరిన గంజాం కోరాపుటు ప్రాంతములవారు, షోలాపురమున మగ్గముల నాశ్రయించిన పద్మశాలీలు, ప్రాణహితా గోదావరీ సంగమము చెంతనున్న సిరొంచ సీమవారు, 1954 వరకు ఫ్రెంచి ఏలుబడిలో నుండిన యానాము ప్రజలు - వీరందరి కథయు ఆ రీతినే చెప్పబడినది. కాని ఈ కుటుంబములు తమ వెంట గొనిపోయినది భాషను, కులదేవతలను మాత్రమే కాదు. పోపులపెట్టెయు, సున్నపుకాయయు, పెరటిమందుల తెలివియు వారితోపాటే నడచినవి. ఈ తెలివి యింటి యాడువారి నోట నిలిచినదే గాని తాటాకుల కెక్కలేదు.

తేనెటీగ కుట్టినప్పుడు చేయు చికిత్స అట్టి చిన్న విద్యలలో నొకటి. దీనికై వైద్యుని పిలుచుకొని వచ్చునంతటి వ్యవధి లేదు. నొప్పి క్షణములో పుట్టును. మందు చేతికందునదై యుండవలెను. కనుక ఇంట నేమి యున్నదో, దొడ్డిలో నేమి మొలచినదో, పొరుగువా రేమి చెప్పిరో అదియే మందయ్యెను. ఒక జనము క్రొత్తనేలపై నెట్లు కుదురుకొన్నదో తెలిసికొనుటకు ఇట్టి చిన్న విషయమే ఒక్కొక్కప్పుడు పెద్ద ఆధారమగును. ఈ గృహవైద్యమునందు శాస్త్రపరీక్షకు నిలిచిన దేది, ఊరటను మాత్రమే యిచ్చున దేది, కీడును తెచ్చున దేది యని వేరుపరచి చూచుటయే ఈ వ్యాసమున కుద్దేశము. ఇది కేవలము పాండిత్యమునకు సంబంధించిన ప్రశ్న కాదు. ఈ భేదము తెలియక కొందరి ప్రాణములే పోవు ప్రమాదము కలదు.

తేనెటీగలును తెలుగు పల్లెలును

దక్షిణ భారతమున కొండిగల తేనెటీగలు ముఖ్యముగ మూడు తెగలు. కొండచరియలను, మఱ్ఱి బూరుగు వంటి మహావృక్షములను, దేవాలయ గోపురములను ఆశ్రయించి ఒక్కటే పెద్ద పట్టు పెట్టునది పెద్ద తేనెటీగ. దీని పట్టు మీటరునకు మించిన వెడల్పున వ్రేలాడుట కలదు. పుట్టలలోను చెట్టు తొఱ్ఱలలోను పెక్కు పలకలుగ పట్టు పెట్టునది పుట్టతేనెటీగ. పొదలలోను చిన్నకొమ్మలపైనను అరచేతియంత పట్టు పెట్టునది చిన్న తేనెటీగ. ఇవిగాక కొండి పనిచేయని మిక్కిలి చిన్నయీగ యొకటి గోడల సందులలో నుండును. దానివలన భయము లేదు. ఈ మూటిలో పెద్ద తేనెటీగయే భయంకరమైనది. దాని పట్టును కదలించినయెడల అది గుంపుగ లేచి చాలదూరము వెన్నాడును.

రాష్ట్రేతరాంధ్రుల నివాసములు పెక్కు ఈ యీగల దారిలోనివే. పడమటి కనుమల మొదటనున్న రాజపాళయము, తూర్పుకనుమల నంటియున్న పర్లాకిమిడి, గుణుపురము, రాయగడ, జయపురము, అడవుల నడుమనున్న సిరొంచ - ఇవన్నియు తేనెసీమలే. ఒడిశాలోని కొండప్రాంతపు సంతలలో కొండజాతులవారు తెచ్చెడి తేనె, చింతపండు, పసుపు, అడ్డాకులు తెలుగు వర్తకుల చేతులమీదుగ మైదానములకు దిగెడివి. అనగా తేనెయు, తేనెటీగ కుట్టినప్పుడు పూయు పసుపును, రాయు చింతపండును ఒకే సంతలో ఒకే తక్కెడలో తూగినవి. నగరములలో నున్నవారికిని ఈ పరిచయము తప్పలేదు. బెంగుళూరు వంటి పట్టణములలో ఎత్తైన మేడల చూరులను, నీటితొట్ల అడుగుభాగములను పెద్ద తేనెటీగ నేటికిని ఆశ్రయించుచున్నది.

పేర్లను చూచినను ఈ పరిచయము తెలియును. తెలుగున 'తేనె' యనునది తమిళమున 'తేన్', కన్నడమున 'జేను'. తెలుగు 'ఈగ' తమిళమున 'ఈ'. ఇవి యొకే మూలమునుండి వచ్చిన యన్నదమ్ముల మాటలు. ఒడియాలో 'మహు', మరాఠీలో 'మధ' యనునవి సంస్కృత 'మధు' శబ్దభవములు. ఇంట 'తేనెటీగ' యని, వీధిలో 'తేనీ' యనియో 'మహుమాఛి' యనియో 'మధమాశీ' యనియో పలుకుచు పెరిగిన తెలుగుబిడ్డకు ఆ పురుగు రెండు పేర్లతో తెలిసినదే.

ప్రాచీన గ్రంథముల సాక్ష్యము

ఈ విషయము మన ప్రాచీన వైద్యులకు తెలియనిది కాదు. సుశ్రుతసంహిత కల్పస్థానమున ఎనిమిదవ యధ్యాయము కీటవిషములకు సంబంధించినది. అందు మక్షికలు ఆరు విధములని చెప్పబడినది. కాంతారిక, కృష్ణ, పింగళ, మధూలిక, కాషాయి, స్థాలిక యని వానికి పేర్లు. వీని కాటువలన దాహమును శోఫమును, అనగా మంటయు వాపును, కలుగుననియు, కడపటి రెంటివలన పొక్కులును తదితరోపద్రవములును గూడ పుట్టుననియు సుశ్రుతుని మతము. అదే సంహితయందు సూత్రస్థానము నలుబదియైదవ యధ్యాయమున తేనె ఎనిమిది తెగలుగ విభజింపబడినది.

ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. కీటవిషమంతయు ఒక్కటే తీవ్రత గలది కాదని ఆ కాలమువారే గుర్తించిరి. ఉగ్రవిషముగల కీటము కరచినప్పుడు పాముకాటునకువలె చికిత్స చేయవలెనని విధించిరి. అనగా స్వల్పమైన దానిని స్వల్పముగను, ప్రాణాంతకమైన దానిని ప్రాణాంతకముగను చూడవలెనను వివేకము శాస్త్రమున నుండెను. ఇంటింటి వాడుకలోనికి వచ్చుసరికి ఈ వివేకము పలుచబడి, లేపనముల పేర్లు మాత్రము మిగిలినవి.

ఇంటి చికిత్స క్రమము

పెద్దలున్న యింట తేనెటీగ కుట్టినదన్న కేక వినబడగనే మొదట అడుగు మాట 'కొండి యున్నదా?' యనునది. తేనెటీగ కొండికి వెనుకకు వంగిన ముండ్లుండును. మానవుని చర్మము దట్టమైనది గనుక కొండి అందు చిక్కుకొని, విషపుతిత్తితో గూడ ఈగ శరీరమునుండి ఊడిపోవును. ఈగ చచ్చును, తిత్తి మాత్రము తనంతట తాను ముడుచుకొనుచు విషమును లోనికి తోయుచునే యుండును. ఈ యంతరంగ నిర్మాణము తెలియకున్నను, కొండిని వెంటనే తీయవలెనని మన ముసలమ్మలు ఎఱుగుదురు. గోటితో గీకియో, వ్రేళ్లతో పట్టియో దానిని లాగివేసి, ఆ చోటు నీటితో కడుగుట మొదటి పని.

రెండవ పని చల్లదనము. కుండనీటిలో ముంచిన గుడ్డను అంటించుట, ఇనుప తాళపుచెవినో కత్తి వెనుకభాగమునో కుట్టినచోట రాచుట వాడుకలో నున్నవి. ఇనుమునకు విషమును లాగు శక్తి కలదని జనులు నమ్ముదురు. నిజమునకు ఆ చల్లదనమే మంటను తగ్గించును. ఇనుమున వేఱు మహిమ లేదు. తడిగుడ్డయు అదే పని చేయును, మేలుగ చేయును.

మూడవది లేపనము. తాంబూలపు పళ్లెములోని సున్నము, వంటింటి పసుపు, చింతపండు గుజ్జు, నిమ్మరసము, నీరుల్లి ముక్క, దొడ్డిలోని తులసియాకు, తుమ్మియాకు, ఉత్తరేణి, కలబంద, నమిలిన పొగాకు, బొప్పాయి గుజ్జు, గడ్డిచామంతి పసరు - ఇట్లు ఈ పట్టిక చాల పెద్దది. వలసపోయిన చోటులందు ఈ మొక్కలు దొరకక పోలేదు. పేరు మాత్రము మారినది. తెలుగు తుమ్మి తమిళమున 'తుంబై', కన్నడమున 'తుంబె'. తెలుగు ఉత్తరేణి కన్నడమున 'ఉత్తరాణి', తమిళమున 'నాయురువి', మరాఠీలో 'అఘాడా'. పొరుగింటి యిల్లాలు తన భాషలో చెప్పిన ఆకును చూడగనే తెలుగు గృహిణి తన పెరటిదిగ గుర్తించెను. వైద్యము ఇరువైపుల నుండియు మారకము జరిగినది.

ఈ పట్టికయందు చరిత్రకారుడు ఆగి చూడవలసిన దొకటి యున్నది. పొగాకు, బొప్పాయి, గడ్డిచామంతి - ఈ మూడును అమెరికా ఖండమునుండి వచ్చినవి. పోర్చుగీసువారు సముద్రమార్గమున ఈ దేశమునకు వచ్చిన పిమ్మటనే పొగాకును బొప్పాయియు ఇచట వ్యాపించినవి. అనగా తెలుగు కుటుంబములు దక్షిణమునకు తరలిన కాలమునకు ఇవి మన దొడ్లలో క్రొత్తవో, అసలు లేనివో అయి యుండవలెను. నేడు వీనిని 'తాతలనాటి మందు' లనుచున్నారు. దీనినిబట్టి గృహవైద్యము కదలని శిలాశాసనము కాదని తేలుచున్నది. అది చేతికందిన క్రొత్తదానిని చేర్చుకొనుచు, అక్కరకు రానిదానిని విడుచుచు వచ్చిన విద్య. కనుక నేడు దానిని మరల పరీక్షించి, మంచిని నిలుపుకొని చెడ్డను విడుచుట పెద్దల కపచారము కాదు. వారు చేసిన పనియే యది.

ఆమ్లము, క్షారము అను వాదము

ఈ లేపనములు ఎట్లు పనిచేయునను ప్రశ్నకు పూర్వము పాఠశాలలలోను, ప్రథమచికిత్స పుస్తకములలోను ఒక సులభమైన సమాధానము చెప్పబడుచుండెను. తేనెటీగ విషము ఆమ్లమనియు, కందిరీగ విషము క్షారమనియు, కావున మొదటిదానికి సున్నము గాని వంటసోడా గాని, రెండవదానికి నిమ్మరసము గాని వినెగరు గాని విరుగుడనియు ఆ వాదము. దీనికి మూలము చీమలలో నున్నది. చీమలనుండి లభించు ఆమ్లమును గూర్చి ఆంగ్లేయుడగు జాన్ రే 1671లో ప్రకటించెను. చీమయందున్న ఆమ్లమే తేనెటీగయందును మంటకు కారణమని తరువాతివారు తలపోసిరి.

రసాయన పరిశోధన ముదిరినకొలది ఈ తలపు నిలువలేదు. తేనెటీగ విషము ప్రధానముగ మాంసకృత్తుల వంటి పదార్థముల సమూహము. నీటినంతను ఆవిరి చేయగా మిగులు ఎండువిషమున ఇంచుమించు సగము మెలిటిన్ అనునది. 1967లో హాబర్మన్, యెంట్ష్ అను జర్మను శాస్త్రజ్ఞులు దాని నిర్మాణమును తెలిపిరి. మెలిటిన్ ఆమ్లము కాదు, క్షారస్వభావము గలది. దీనితోపాటు కణములను చెరచు ఫాస్ఫోలైపేజ్ ఎ2, విషము వ్యాపించుటకు దారిచేయు హయలురొనిడేజ్, దురదను వాపును పుట్టించు హిస్టమిన్ మున్నగునవి కలవు. ఇవి చర్మము క్రిందికి చేరిన పిమ్మట పైపూత వానిని పోయి అంటదు.

ఇందులకు మన యిండ్లలోనే ప్రత్యక్ష నిదర్శన మున్నది. ఒక యింట తేనెటీగ కుట్టుపై సున్నము పెట్టుదురు. పొరుగింట అదే కుట్టుపై చింతపండు రాయుదురు. సున్నము క్షారము, చింతపండు ఆమ్లము. ఒకటి విషమునకు విరుగుడైనచో రెండవది విషమును పెంచవలెను. కాని ఇరువురును 'మా మందుతో తగ్గినది' యనియే చెప్పుదురు. దీని యర్థ మేమనగా, ఒక కుట్టుతో వచ్చిన నొప్పి ఆరోగ్యవంతునకు దానంతట అదియే కొలది గంటలలో తగ్గును. తడిలేపనపు చల్లదనమును, తనవారు దగ్గర కూర్చుండి చేయు ఉపచారమును ఆ వ్యవధిలో ఊరట నిచ్చును. ఊరట చిన్నది కాదు. కాని ఊరటను విరుగుడని భ్రమించుట తగదు.

కొన్ని లేపనములు హాని చేయునవియు నున్నవి. కంటిదగ్గర కుట్టినప్పుడు సున్నము పూసినచో కనుగ్రుడ్డు కాలును. జిల్లేడుపాలు కంటిలో పడినచో చూపునకే ముప్పు. పేడ, పుట్టమన్ను, బురద మున్నగువానిలో ధనుర్వాతమును కలిగించు సూక్ష్మజీవుల బీజములుండును. కుట్టినచోట కోసి నెత్తురు పిండుట, గట్టిగ కట్టు కట్టుట, వాత పెట్టుట - ఇవన్నియు విడువదగినవి. కలబంద గుజ్జు, శుభ్రమైన పసుపు పూత వంటివి చర్మము చిట్లని చోట హాని చేయవు. అవి విషమును విరుచునను నమ్మకముతో మాత్రము కాలము గడుపరాదు.

తేనెటీగల పెంపకము తెచ్చిన పాఠము

ఇరువదవ శతాబ్దపు తొలిపాదమున తేనెటీగలను పెట్టెలలో పెంచు విద్య దక్షిణమున ప్రవేశించెను. తిరుచిరాపల్లి ప్రాంతమున న్యూటన్ అను క్రైస్తవ మతాచార్యుడు 1910 ప్రాంతమున పుట్టతేనెటీగకు తగిన చిన్నపెట్టెను రూపొందించి పలువురకు ఆ విద్యను నేర్పెను. ఆ పెట్టె నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది. 1934లో వార్ధాలో స్థాపితమైన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము తాను చేపట్టిన పనులలో దీనిని గూడ చేర్చుకొనెను. 1962లో పూనాలో కేంద్ర తేనెటీగల పరిశోధనాలయ మేర్పడెను. ఈ మార్గమున తమిళ కన్నడ మహారాష్ట్ర ప్రాంతముల రైతులతోపాటు అచటి తెలుగు రైతులకును తేనెటీగతో భయము తగ్గి పొత్తు కుదిరినది.

పెంపకమువారి పుస్తకములు కుట్టు విషయమున ఒక క్రొత్తమాటను తెచ్చినవి. కొండిని వ్రేళ్లతో పట్టి లాగరాదు, తిత్తి నలిగి విషమంతయు లోనికి పోవును, కావున కత్తియంచుతో గాని గోటితో గాని ప్రక్కకు గీకియే తీయవలెనని ఆ బోధ. దీనిని అక్షరాల నమ్మినవారు కత్తికొరకు, పలుచని రేకుకొరకు ఇంటిలోనికి పరుగెత్తుచుండిరి. ఆ పరుగునకు పట్టిన కాలమే అసలు నష్టమని తరువాత తేలినది.

1994లో అమెరికాలో జరిగిన కొలతలవలన, కొండినుండి విషములో నూటికి 90 పాళ్లకు తక్కువ కాకుండ 20 సెకండ్లలోపలనే శరీరమున చేరుననియు, ఒక నిమిషములో తిత్తి ఖాళీ యగుననియు తెలిసినది. 1996లో మరి మువ్వురు శాస్త్రజ్ఞులు లాన్సెట్ పత్రికలో తమ పరీక్షాఫలమును ప్రకటించిరి. గీకి తీసినను పట్టి లాగినను దద్దు పరిమాణమున భేదము లేదనియు, తీయుటలో ఆలస్యమైనకొలది, కొలది సెకండ్ల భేదమునకే, దద్దు పెరుగుననియు వారు నిరూపించిరి. పెద్దలు మొదట అడిగెడి 'కొండి యున్నదా?' యను ప్రశ్నయే ఈ విధముగ ఆధునిక ప్రయోగశాలలో నెగ్గినది. గృహవైద్యమున నిలిచిన భాగము లేపనము కాదు. మొదటి క్షణమున చేయు చేతిపని.

మరియొక సంగతియు పరిశోధనలో బయటపడినది. కొండినుండి ఒక వాసన వెడలి తక్కిన యీగలను పోరునకు పిలుచును. 1962లో దానిలోని ముఖ్యపదార్థము ఐసోఎమైల్ ఎసిటేట్ అని గుర్తింపబడినది; మాగిన అరటిపండు వాసన వంటిది దాని వాసన. కుట్టిన చోటనే నిలిచి ఈగలను చేతులతో కొట్టరాదను పెద్దల మాటకు కారణ మిదియే. నలిగిన ఈగయు అదే పిలుపును పంపును. ముఖము కప్పుకొని దూరముగ పరుగెత్తి, తలుపులు వేసికొను చోటు చేరవలెను. కొండి తీయుట అచట చేయవలెను. గొంగడి కప్పుకొని తప్పించుకొను పల్లెవాడుక సరియైనదే.

ఇంటిమందునకు లొంగని విపత్తు

ఇంతవరకు చెప్పినది ఒకటి రెండు కుట్లకు సంబంధించినది. ఇంటిమందు ఎంతమాత్రము పనికిరాని సందర్భములు రెండున్నవి.

మొదటిది శరీరతత్త్వమునకు సంబంధించినది. కొందరికి ఒక్క కుట్టే ప్రాణాంతకమగును. పూర్వము ఇట్టి మరణము సంభవించినప్పుడు దానిని గ్రహచారముగనో దృష్టిదోషముగనో చెప్పుకొనుట సహజమే. ఫ్రెంచి శాస్త్రజ్ఞులగు పోర్టియే, రిషే అనువారు సముద్రజీవుల విషముతో కుక్కలపై పరీక్షలు చేయుచు, మొదటిమారు భరించిన జంతువు కొన్ని వారముల తరువాత అత్యల్పమైన రెండవమోతాదుకే కూలుట చూచిరి. 1902లో వారు దీనికి 'అనాఫిలాక్సిస్' అని పేరిడిరి. 1913లో రిషేకు నోబెల్ బహుమాన మీయబడినది. తేనెటీగ విషయమునను జరుగున దిదియే. ఇంతకుముందు కుట్టినప్పుడు ఏమియు కాలేదనుట రక్ష కాదు. ఆ పూర్వపు కుట్టే శరీరమును సిద్ధపరచి యుండవచ్చును.

దీని లక్షణములు సాధారణముగ కొలది నిమిషములలోనే, పెక్కుసారులు అరగంటలోపలనే పొడసూపును. కుట్టినచోటునకు దూరముగ ఒడలంతయు దద్దులు లేచుట, పెదవులు నాలుక ఉబ్బుట, గొంతు బొంగురుపోవుట, పిల్లికూతలతో ఊపిరి ఆడకుండుట, వాంతులు, కండ్లు తిరిగి సోలుట - వీనిలో ఏవి కనబడినను పసరు నూరుచు కూర్చుండుట మృత్యువునకు వ్యవధి నిచ్చుటయే. దీనికి మందు ఒక్కటే: అడ్రినలిన్ సూది. జపానుదేశస్థుడు తకామినే ఈ పదార్థమును శుద్ధరూపమున వేరుచేసిన విషయము 1901లో లోకమునకు తెలిసినది. దీనిని తొడకండలో వెంటనే ఈయవలెను. దురదకు మ్రింగు బిళ్లలు దీనికి బదులు కావు. రోగిని నడిపింపక పడుకొనబెట్టి కాళ్లు ఎత్తి యుంచవలెను. ఊపిరి కష్టముగ నున్నచో కూర్చుండనీయవలెను. తేరుకొన్న పిమ్మటను కొన్ని గంటలు ఆసుపత్రిలో నుండవలెను; లక్షణములు మరల తలయెత్తుట కలదు. ఇట్టి తత్త్వము కలవారికి స్వల్పమాత్రలతో మొదలుపెట్టి విషమునే ఎక్కించి శరీరమునకు అలవాటు చేయు చికిత్స 1978లో జరిగిన పరీక్షలతో స్థిరపడినది. అది మూడు మొదలు ఐదేండ్లు సాగును.

రెండవది కుట్ల సంఖ్యకు సంబంధించినది. పెద్ద తేనెటీగల గుంపు పైబడి వందలకొలది కుట్టినప్పుడు, ఎట్టి శరీరతత్త్వము గలవారికైనను విషమే భారమగును. ఎఱ్ఱ రక్తకణములును కండలును కరగి మూత్రపిండములు చెడును. ఆ దినమున బాగుగనే యున్నట్లు తోచి, తరువాత మూత్రము నల్లబడి తగ్గినప్పుడు గాని అపాయము తెలియదు. కనుక కుట్లు పెక్కైనప్పుడు, ముఖ్యముగ పసిపిల్లలకును వృద్ధులకును, నొప్పి తగ్గినను ఆసుపత్రికి పోవుటయే విధి. నోటిలోను గొంతులోను కుట్టినది ఒక్కటైనను ఉపేక్షింపరాదు. కల్లుముంతలో తేనెటీగలు వ్రాలుట సామాన్యము; చూడక త్రాగినవాని గొంతు లోపల వాచి ఊపిరిదారి మూసికొనగలదు.

మాటయు మందును

పరభాషా ప్రాంతముల తెలుగువారికి ఈ విషయమున ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. కుట్టిన పురుగు ఏదో వైద్యునకు చెప్పవలసిన మాట ఇంటిభాషలో నొకటి, ఆసుపత్రి భాషలో మరియొకటి. తెలుగు ముసలమ్మ 'కందిరీగ' యన్నది తమిళమున 'కుళవి', కన్నడమున 'కణజ', ఒడియాలో 'బిరుడి', మరాఠీలో 'గాంధీల మాశీ'. తేనెటీగ కొండిని విడుచును, కందిరీగ విడువక మరల మరల కుట్టగలదు. తత్త్వము పడనివారికి విషముతో చికిత్స చేయునప్పుడు ఏ పురుగు విషమో తెలియవలెను. పెద్దతరమువారికి పురుగు తెలియును, ఆ రాష్ట్రభాషలోని పేరు తెలియదు. పిల్లలకు రాష్ట్రభాష వచ్చును, 'కొండి' యన్న తెలుగుమాట తెలియదు. ఈ రెండు తరముల నడుమ జారిపోయినది మాట మాత్రమే కాదు. లేపనముల పేర్లు పండుగ ముచ్చట్లలో బ్రదికి యున్నవి. కొండి ముందు, కడుగుట తరువాత, పూత చివరకు అను క్రమము మాత్రము పెక్కు యిండ్లలో మరుగుపడినది. 'తేనెటీగ కుట్టినచో పసుపు' అన్న సగము వాక్యమే మిగిలినది. పోయిన సగములోనే ప్రాణము గలదు.

ఉపసంహారము

పై పరిశీలనవలన తేలిన క్రమ మిది. ఈగలకు దూరముగ తొలగవలెను. కొండిని ఏ విధముగనైనను తక్షణము తీయవలెను. సబ్బు నీటితో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డనో తడిగుడ్డనో పది పదునైదు నిమిషము లుంచవలెను. కుట్టినది చేతికో కాలికో అయినచో వాపు రాకమునుపే ఉంగరములను, గాజులను, మెట్టెలను తీయవలెను. ఉబ్బిన వ్రేలిపై నుంగరము నెత్తుటి నడకను ఆపును. దురదకు కాలమిన్ పూత గాని, వైద్యుడు చెప్పిన సెటిరిజిన్ వంటి బిళ్ల గాని చాలును. వాపు రెండు దినములు పెరిగి వారమువరకు నిలుచుట కలదు, అందులకు బెదరనక్కరలేదు. మొదటి గంట మాత్రము మనిషిని ఒంటరిగ విడువక ఊపిరిని, పెదవులను, ఒడలిని కనిపెట్టి యుండవలెను. ఇంటి పూత పూయదలచినవారు ఈ పనులన్నియు ముగిసిన పిమ్మటనే పూయవలెను.

ఆపద లక్షణములు కనబడినప్పుడు పిలువదగిన 108 వాహనసేవ 2005లో ఆంధ్రప్రదేశమున ఆరంభమై, తరువాత కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములందును వ్యాపించినది. అదే సంఖ్య అన్ని చోట్లను పనిచేయును. తెలుగువాడు పొరుగురాష్ట్రమున నున్నను దానిని క్రొత్తగ నేర్వనక్కరలేదు.

రాష్ట్రేతరాంధ్ర సంఘములు తమ పెద్దలనుండి పాటలను, పెండ్లిపద్ధతులను సేకరించి భద్రపరచుట ప్రశంసింపదగినది. ఆ సేకరణయందు ఇట్టి చిన్న వైద్యములను గూడ చేర్చవలెను. చేర్చునప్పుడు ఆకు పేరు వ్రాసికొని లేచి రాక, 'అంతకు ముందేమి చేసెడివారు?' అని యడిగి, ఆ సమాధానమును గూడ వ్రాసికొనవలెను. అక్కరపడిన గడియలో మనుమనికి ఉపయోగపడునది ఆ రెండవ సమాధానమే.